సముద్రం దాటిన గాన సంఘాలు



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని మన కార్యవర్గం వారు కోరారు. కరువు భత్యం బకాయిల మీద, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు మీద రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు కనుక నేను కొంచెం దూరం పోదలచాను. పందొమ్మిదవ శతాబ్దంలో అమెరికా పట్టణాలకు వలసపోయిన జర్మనులు అక్కడ పెట్టుకున్న గాన సంఘాల సంగతి, వాటిని నడిపిన కండక్టర్ల సంగతి ఇది. మనకెందుకయ్యా అనేవారు ఉంటారు. ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా చందా పుస్తకాలూ, మినిట్సు పుస్తకాలూ, జమాఖర్చులూ చూసినవాణ్ణి కాబట్టి నాకు ఈ చరిత్రలో పాట కంటే ముందు చందా పుస్తకమే కనబడింది. అమెరికాలోని పెద్ద పెద్ద వాద్యబృందాలూ, సంగీత మందిరాలూ కోటీశ్వరుల దయతో వెలిశాయని సాధారణంగా అనుకుంటాం. కోటీశ్వరులు వచ్చిన మాట నిజమే. వారు రాకముందు దర్జీలు, వడ్రంగులు, బీరు కాచేవారు, బడిపంతుళ్ళు, దుకాణాలలో లెక్కలు రాసేవారు నెలనెలా చందా కట్టి వేసిన పునాది ఒకటి ఉంది. ఆ పునాది వేసినవారి భాష మాట్లాడితేనే అనుమానించే రోజులు ఆ ఊళ్ళలోనే తరువాత వచ్చాయి.

కండక్టరు అనగానే మనకు ఆర్టీసీ బస్సులో టికెట్లు కొట్టే ఆయన గుర్తుకు వస్తాడు. పాశ్చాత్య సంగీతంలో కండక్టరు పని వేరు. ఆయన పాడడు, వాయించడు. చేతిలో సన్నని పుల్ల పట్టుకొని బృందం ఎదుట నిలబడతాడు. మన భజనలో పదిమంది ఉన్నా పాడేది ఒకే వరుస. ఒకరు అందిస్తే మిగతావారు అందుకుంటారు. వారి బృందగానం అలా కాదు. పురుషుల బృందమైతే గొంతు స్థాయిని బట్టి నాలుగు జట్లు చేస్తారు, పై గొంతుల వారు రెండు జట్లు, కింది గొంతుల వారు రెండు జట్లు. ఒకే పాటను నాలుగు జట్లూ ఒకేసారి నాలుగు వేర్వేరు స్వరాల వరుసలలో పాడతాయి. ఆ నాలుగూ కలిస్తే వచ్చే నిండుదనమే వారికి రుచి. ఒక జట్టు రవ్వంత ముందుకు పోయినా మొత్తం చెడుతుంది. అందుచేత వారం వారం సాధన తప్పదు, సాధన చేయించేవాడు లేకా తప్పదు. సాధనకు గది కావాలి, దీపం కావాలి, చలిదేశం కనుక పొయ్యి కావాలి, స్వరాలు రాసిన ప్రతులు కావాలి, కండక్టరుకు జీతం ఇవ్వాలి. అంటే చందా కావాలి. చందా ఉన్న చోట కోశాధికారి, కార్యదర్శి, అధ్యక్షుడు, ఏటేటా సర్వసభ్య సమావేశం. ఇక చెప్పేదేముంది, మన సంఘం లాంటిదే!

ఈ అలవాటు వారు పుట్టిన గడ్డ నుంచి తెచ్చుకొన్నది. జర్మనీ అని ఇప్పుడు అంటున్నాం గాని 1871 దాకా ఆ పేరుతో ఒకే రాజ్యం లేదు. మన పాత సంస్థానాల మాదిరి ముప్పైకి పైగా చిన్నా పెద్దా రాజ్యాలు ఉండేవి. 1809 లో బెర్లినులో కార్ల్ ఫ్రీడ్రిష్ జెల్టర్ అనే ఆయన ఒక గాన సంఘం పెట్టాడు. ఈయన మొదట నేర్చిన వృత్తి తాపీపని. సంఘానికి 'లీడర్‌టాఫెల్' అని పేరు, అంటే 'పాటల బల్ల'. భోజనం బల్ల చుట్టూ కూర్చొని సభ్యులు తామే రాసి, తామే వరుసలు కట్టుకున్న పాటలు పాడుకొనేవారు. నెపోలియను చేతిలో ప్రష్యా ఓడి మూడేళ్ళయింది. ఓడిన దేశంలో పదిమంది ఒకచోట చేరి తమ భాషలో పాడుకోవడం వట్టి వినోదం కాదు. 1819 తరువాత పత్రికల మీద సెన్సారు వచ్చింది, విద్యార్థి సంఘాలను నిషేధించారు. రాజకీయ సభ అంటే పోలీసులు వస్తారు, పాటల సభ అంటే అంతగా పట్టించుకోరు. పాటకూ పాటకూ మధ్య ఏమి మాట్లాడుకొన్నారో ఎవరికెరుక? వందేమాతరం అంటే బడి నుంచి వెళ్ళగొట్టిన రోజుల గురించి మన పెద్దల నోట విన్నవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

1848 లో ఆ రాజ్యాలలో తిరుగుబాట్లు లేచాయి. పార్లమెంటు కావాలి, పత్రికా స్వేచ్ఛ కావాలి, అందరూ ఒకే దేశం కావాలి అన్నారు. 1849 కల్లా రాజుల సైన్యాలు అణచివేశాయి. తప్పించుకొన్న వారిలో చాలామంది అమెరికా ఓడ ఎక్కారు. 'నలభై ఎనిమిది వారు' అని చరిత్రలో వారికి పేరు. అయితే ఒక్కటి గుర్తుంచుకోవాలి. వలసవచ్చిన జర్మనులందరూ విప్లవకారులు కారు. ఎక్కువమంది బంగాళాదుంప పంటలు పోయి, చేతిపనులు దెబ్బతిని, పొలం చాలక బతుకుతెరువు కోసం వచ్చినవారే. అమెరికా జనాభా లెక్కల ప్రకారం 1850 లో జర్మనీలో పుట్టినవారు సుమారు 5 లక్షల 84 వేలు, 1860 కల్లా 12 లక్షల 76 వేలు, 1890 కల్లా 27 లక్షల 80 వేల పైచిలుకు.

మొదటి సంఘం మాత్రం విప్లవానికి ముందే పుట్టింది. 1835 లో ఫిలడెల్ఫియాలో ఫిలిప్ మత్తియాస్ వోల్సీఫర్ అనే సంగీతం మేష్టారు 'మెన్నర్‌కోర్', అంటే పురుషుల గానబృందం, స్థాపించాడు. మరుసటి ఏడాది బాల్టిమోరులో 'లీడర్‌క్రాన్జ్' వచ్చింది. ఆ మాటకు 'పాటల దండ' అని అర్థం, మన గీతమాలిక అనుకోండి. న్యూయార్కులో అదే పేరుతో 1847 లో మరొకటి. ఇక్కడ ఒక చిన్న ముచ్చట. జర్మనీలో పుట్టి, పిల్లవాడిగా అదే ఫిలడెల్ఫియాకు వలస వచ్చి, పాదిరీ అయిన ఒకాయన 1842 లో మన గుంటూరు చేరాడు. ఆయనే లూథరన్ మిషను స్థాపించిన ఫాదర్ హయ్యరు. గుంటూరు మిత్రులకు ఆ పేరు బాగా తెలుసు. జర్మను వలస ఒక కొమ్మ మన కృష్ణా తీరం దాకా వచ్చిందన్నమాట. ఇక అసలు సంగతికి వద్దాం.

ఈ కథకు నడిమి ఊరు సిన్సినాటి. ఒహైయో నది ఒడ్డున పందిమాంసం వ్యాపారంతో బలిసిన పట్టణం. ఊరి మధ్య ఒక కాలువ, ఆ కాలువకు ఉత్తరాన జర్మనుల పేట. ఆ పేటకు పోవడాన్ని 'రైను దాటి పోవడం' అనేవారు ఇంగ్లీషువారు, వెటకారంగానో సరదాగానో. ఆ పేరే ఆ పేటకు ఈనాటికీ నిలిచింది. 1849 జూన్‌లో చుట్టుపక్కల పట్టణాల గాన సంఘాలు అక్కడ కలిసి ఒక ఉత్సవం చేసి, 'ఉత్తర అమెరికా గాయకుల సమాఖ్య' ఏర్పరచుకొన్నాయి. ఉత్సవం పేరు 'సెంగర్‌ఫెస్ట్', గాయకుల పండుగ. అది మొదలు ఏటేటా ఒక్కొక్క ఊరిలో. మరుసటి ఏడు లూయీవిల్‌లో, ఆ పై ఏడు కొలంబస్‌లో. సంఘాలవారు తమ తమ పట్టు జెండాలు పట్టుకొని వీధుల వెంట ఊరేగింపుగా వచ్చేవారు. సంఘానికి సంఘానికి పోటీలు, బహుమతులు, చివరకు అన్ని సంఘాలూ కలిసి ఒకే గొంతుతో పాడటం. తరువాత చెట్ల కింద పిల్లాపాపలతో విందు, బీరు.

ఆ బీరు దగ్గరే పేచీ వచ్చింది. అక్కడి పాతకాపులు ఆదివారం ప్రార్థన తప్ప మరొకటి కూడదనే నిష్ఠాపరులు. జర్మనులకు వారమంతా పనిచేసి ఆదివారం ఆలుబిడ్డలతో తోటలో కూర్చొని పాట వింటూ బీరు తాగడం తప్పేమీ కాదు. దానికి తోడు పరదేశీయులంటే గిట్టని రాజకీయ పక్షం ఒకటి 1850 ల మధ్య బలపడింది. 1855 ఆగస్టు 6 న లూయీవిల్‌లో ఎన్నికల రోజున అల్లరి మూకలు జర్మను, ఐరిషు పేటల మీద పడి ఇళ్ళు తగలబెట్టాయి. కనీసం 22 మంది చచ్చిపోయారు. అయిదేళ్ళ కిందట పాటల పండుగకు ఆతిథ్యం ఇచ్చిన ఊరే అది.

సంఘాల సభ్యత్వం గురించి చెప్పాలి. రెండు రకాల సభ్యులుండేవారు. పాడే సభ్యులు ఒకరు, పాడని సభ్యులు మరొకరు. పాడనివారు చందా మాత్రం కడతారు. కచేరీలకు, విందులకు, నాట్యాలకు సకుటుంబంగా వస్తారు. బీరు కంపెనీ యజమాని, పియానోలు చేసే కర్మాగారం యజమాని, బ్యాంకరు, ఎక్కువగా ఈ రెండో పట్టీలో ఉండేవారు. పెద్ద సంఘాలలో పాడేవారికంటే పాడనివారే ఎన్నో రెట్లు. గొంతు లేనివాడు కూడా సంఘానికి పనికివస్తాడన్న ఈ సూత్రం కనిపెట్టినవాడెవరో గాని గట్టివాడు. భవనాలు లేచింది వీరి చందాలతోనే. సంఘాలు చీలిపోవడం కూడా మనకు తెలిసిన పద్ధతిలోనే జరిగేది. న్యూయార్కు లీడర్‌క్రాన్జ్‌లో పొరపొచ్చాలు వచ్చి 1854 లో కొందరు విడిపోయి 'అరియన్' అనే సంఘం పెట్టుకొన్నారు. ఆ తరువాత అరవై ఏళ్ళు రెండూ పోటీపడి వర్ధిల్లాయి. చీలికలన్నీ నష్టమే అనుకోనక్కరలేదు.

కండక్టర్లకు ఈ సంఘాలే అన్నం పెట్టాయి. ఆ రోజుల్లో అమెరికాలో ఏడాది పొడుగునా జీతమిచ్చి వాద్యకారులను పోషించే సంస్థ ఒక్కటీ లేదు. 1848 లో బెర్లిను నుంచి పాతిక మంది వరకు యువ వాద్యకారులు 'జర్మానియా' అనే పేరుతో వచ్చారు. లాభమైనా నష్టమైనా అందరికీ సమానం అని నియమం పెట్టుకొని, ఆరేళ్ళలో ఊరూరా తొమ్మిది వందల పైన కచేరీలు చేసి, 1854 లో విడిపోయారు. విడిపోయినవారు తలా ఒక ఊరిలో స్థిరపడ్డారు. ఒక రకంగా చూస్తే కోవెల పడిపోయినా రాళ్ళు పది కోవెలలకు పనికివచ్చినట్టయింది. వారిలో కార్ల్ బెర్గ్‌మన్ న్యూయార్కు చేరి అరియన్ సంఘానికి కండక్టరు అయ్యాడు. 1859 ఏప్రిల్‌లో ఆ సంఘం గాయకులనే కోరస్‌గా పెట్టుకొని వాగ్నర్ రాసిన 'టాన్‌హోయిజర్' సంగీత నాటకాన్ని ఆడించాడు. అమెరికాలో వాగ్నర్ నాటకం రంగస్థలం ఎక్కడం అదే మొదటిసారి. రాత్రిపూట సాధనకు వచ్చే గృహస్థులు చేసిన పని అది!

అదే జర్మానియాలో వేణువు వాయించిన కార్ల్ జెరాన్ బోస్టన్‌లో స్థిరపడ్డాడు. ఆ ఊరిలో 1815 లోనే ఇంగ్లీషువారు పెట్టుకొన్న 'హాండెల్ అండ్ హైడన్ సొసైటీ' ఉంది. 1854 లో దానికి కండక్టరుగా చేరి 1895 దాకా ఉన్నాడు. నలభై ఒక్క ఏళ్ళ సర్వీసు! మనలో ఎవరికీ అంత సర్వీసు లేదు. మరొకాయన హాన్స్ బలాట్కా. మొరేవియాలో పుట్టి వియన్నాలో చదువుకొని, 1849 లో అమెరికా చేరి, మిల్వాకీలో 1850 లో 'మ్యూజిక్‌ఫెరైన్' అనే సంఘం నడపసాగాడు. అప్పటికి మిల్వాకీ జనాభా ఇరవై వేలు, పురపాలక సంఘం ఏర్పడి నాలుగేళ్ళు. అలాంటి ఊరిలో 1851 లో హైడన్ రాసిన 'సృష్టి' అనే పెద్ద భక్తిగానాన్ని పాడించాడు. దానికి పురుషుల గొంతులు చాలవు, స్త్రీలూ కావాలి. ఈ విధంగా పెద్ద కృతుల అవసరం వల్లనే పురుషుల సంఘాలలోకి ఆడవారు రావడం సాగింది. బలాట్కా 1860 లో షికాగో వెళ్ళి అక్కడా అదే పని చేశాడు.

ఇక థియొడోర్ థామస్. ఈయన గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 1835 లో ఉత్తర జర్మనీ సముద్రతీరంలోని ఎజెన్స్ అనే చిన్న ఊరిలో పుట్టాడు. తండ్రి ఆ ఊరి ఆస్థాన వాద్యకారుడు. పదేళ్ళ వయసులో కుటుంబంతో న్యూయార్కు వచ్చాడు. బడి చదువు అంతంత మాత్రం. పద్నాలుగు పదిహేనేళ్ళకు ఒంటరిగా ఫిడేలు పట్టుకొని దక్షిణ రాష్ట్రాలలో తిరిగాడు. ప్రకటన తన చేత్తోనే రాసి గోడకు అంటించడం, తలుపు దగ్గర నిలబడి టికెట్ల డబ్బు తనే వసూలు చేసుకోవడం, తరువాత లోపలికి పోయి వాయించడం! అలాంటివాడు 1860 లలో తన సొంత వాద్యబృందం కట్టి దేశమంతా తిప్పాడు. వేసవిలో న్యూయార్కులో సెంట్రల్ పార్క్ గార్డెన్ అనే చోట, జనం తింటూ తాగుతూ ఉండగా వాయించేవాడు. మొదట తేలిక పాటలు, మధ్యలో ఒక బరువైన కృతి. చేదు మందు బెల్లంలో పెట్టి ఇచ్చినట్టు. మనిషి మాత్రం చండశాసనుడు. ఫిడేళ్ళ కమానులన్నీ ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి కదలాలి, లేకపోతే ఊరుకోడు.

సిన్సినాటిలో 1870 లో గాయకుల పండుగకు వెయ్యికి పైగా గాయకులు వచ్చారు. వారి కోసమని ఒక పెద్ద చెక్క మందిరం కట్టారు, పైన రేకుల కప్పు. ఈ ఉత్సవాల వైభవం చూసిన ఆ ఊరి ధనిక కుటుంబపు ఆడపడుచు మరియా లాంగ్‌వర్త్ నికొల్స్‌కు ఒక ఊహ వచ్చింది. జర్మనులకే పరిమితం కాకుండా ఊరందరిదీ అయిన పెద్ద సంగీతోత్సవం ఒకటి చేయకూడదా అని థామస్‌ను అడిగింది. 1873 మే నెలలో మొదటి 'మే ఫెస్టివల్' అదే రేకుల మందిరంలో జరిగింది. ముప్పైకి పైగా సంఘాల గాయకులు కలిశారు, జర్మనులూ ఇంగ్లీషువారూ, స్త్రీలూ పురుషులూ. వారికి నెలల తరబడి సాధన చేయించినవాడు డ్రెస్డెన్ ప్రాంతం నుంచి వచ్చిన ఆటో సింగర్ అనే జర్మను మేష్టారు. ఇంటిపేరే గాయకుడు! చప్పట్లన్నీ ఎదుట నిలబడిన థామస్‌కు. మన ఆఫీసుల్లోనూ నోటు రాసేది ఒకరు, సంతకం ఒకరిది కదా.

1875 లో రెండో ఉత్సవం. కచేరీ సాగుతుండగా గాలివాన వచ్చింది. రేకుల మీద వాన చప్పుడుకు పాట వినిపించక, వాన తగ్గేదాకా ఆపవలసి వచ్చింది. శ్రోతలలో రూబెన్ స్ప్రింగర్ అనే వృద్ధ వ్యాపారి ఉన్నాడు. ఆ వానే ఆయన మనసు మార్చిందని అందరూ చెబుతారు. శాశ్వతమైన మందిరం కట్టడానికి 1 లక్షా 25 వేల డాలర్లు ఇస్తానన్నాడు, ఒక షరతు మీద: ఊరివారు కూడా అంతే మొత్తం పోగుచేయాలి, నగరం స్థలం ఇవ్వాలి, పన్ను వేయకూడదు. మ్యాచింగు గ్రాంటు అనే మాట మనం ఎన్ని జీవోలలో చూశామో! అది 1875 నాటికే ఉన్న తెలివి. చందాలు వచ్చాయి, రేకుల మందిరం తీసివేసి అదే చోట ఎర్ర ఇటుకల మహా మందిరం లేచింది. పునాదులు తవ్వుతుంటే మనుషుల ఎముకలు బయటపడ్డాయి. దిక్కులేనివారిని పాతిపెట్టిన శ్మశానం ఒకప్పుడు అక్కడ ఉండేది. వలస వచ్చి, ఎవరూ లేక చచ్చిపోయిన పేదవారు కూడా వారిలో ఉండే ఉంటారు. 1878 మే నెలలో 'మ్యూజిక్ హాల్' తెరిచారు.

నా దృష్టిలో జర్మను సంఘాల గెలుపూ ఓటమీ రెండూ అక్కడే ఉన్నాయి. వారి పండుగ ఊరందరి పండుగ అయింది. కాని ఊరందరిది అయిన పండుగలో భాష ఇంగ్లీషు, పెత్తనం వ్యాపారస్తుల కమిటీది. ఊరేగింపు లేదు, చెట్ల కింద విందు లేదు. పాత సంఘాల పెద్దలు కొందరు సణిగారు. సణగరా మరి? ఎవరు పెంచిన చెట్టు!

న్యూయార్కు సంగతి కొద్దిగా చెప్పి ముగింపుకు వస్తాను. లియోపోల్డ్ డామ్రోష్ అనే ఆయన తల్లిదండ్రుల కోసం వైద్యం చదివి డాక్టరు పట్టా పుచ్చుకొని, తరువాత ఆ పని వదిలి సంగీతంలోకి వచ్చినవాడు. 1871 లో అరియన్ సంఘం వారే ఆయనను కండక్టరుగా పిలిపించారు. రెండేళ్ళకు, 1873 లో, స్త్రీలూ పురుషులూ కలిసి ఇంగ్లీషులో పాడే 'ఒరటోరియో సొసైటీ' పెట్టాడు. 1878 లో వాద్యబృందం ఒకటి. థామస్‌కూ ఈయనకూ అసలు పడేది కాదు. 1881 లో డామ్రోష్ ఒక సైనిక శిక్షణశాలలో 1200 మంది గాయకులతో ఉత్సవం చేస్తే, మరుసటి ఏడాది థామస్ అదే చోట అంతకంటే పెద్దది చేశాడు. ఇద్దరి పంతంలో ఊరు లాభపడింది. డామ్రోష్ 1885 ఫిబ్రవరిలో, మెట్రోపాలిటన్ ఒపేరాలో జర్మను నాటకాల సీజను నడుపుతూ, జలుబు చేసి న్యుమోనియాతో హఠాత్తుగా పోయాడు. 23 ఏళ్ళ కొడుకు వాల్టరు ఆ బరువు ఎత్తుకొన్నాడు. 1887 లో ఓడ ప్రయాణంలో ఇనుము కోటీశ్వరుడు కార్నెగీతో ఈ కుర్రవానికి స్నేహం కుదిరింది. తండ్రి పెట్టిన సంఘాలకు ఇల్లు లేదని చెప్పగా చెప్పగా 1891 లో కట్టినదే లోకప్రసిద్ధమైన కార్నెగీ హాలు. కార్నెగీ పేరు గోడ మీద ఉంది. వాల్టరు తండ్రిని ఓడ ఎక్కించి రప్పించిన అరియన్ సభ్యుల పేర్లు ఏ గోడ మీదా లేవు.

నాకు మాత్రం ఈ కుటుంబంలో పెద్ద కొడుకు ఫ్రాంక్ అంటే గౌరవం. 1892 లో న్యూయార్కులో కూలి పనులవారికి, కుట్టుపని చేసే ఆడపిల్లలకు స్వరాలు చదవడం నేర్పే తరగతులు పెట్టాడు. పది సెంట్లు రుసుము. నేర్చుకొన్నవారితోనే పెద్ద గాన సంఘం కట్టాడు. ఊరికే ఇస్తే విలువ ఉండదు, ఎక్కువ అడిగితే రాలేరు. చందా రహస్యం తెలిసిన మనిషి.

థామస్ 1891 లో షికాగోకు పిలిపించబడి అక్కడి వాద్యబృందాన్ని నిలబెట్టాడు. దానికి సొంత మందిరం కోసం 8 వేల మందికి పైగా చందాలిచ్చారు. 1904 డిసెంబరు 14 న ఆ మందిరం తెరిచారు. మూడు వారాలకు, 1905 జనవరి 4 న, ఆయన కన్నుమూశాడు.

అప్పటికే సంఘాలలో మార్పు కనిపిస్తున్నది. వలస తగ్గింది, అక్కడే పుట్టిన పిల్లలకు తల్లిదండ్రుల భాష వంటింటి వరకే. మన పిల్లలు, మనవలు ఉన్న అమెరికా ఇళ్ళ సంగతి తెలిసినవారికి ఇది కొత్త కాదు. మరొకటి కూడా దాచకుండా చెప్పాలి. రాజుల మీద తిరగబడి వచ్చినవారి సంఘాలే 1871 తరువాత జర్మను చక్రవర్తి విజయాలకు వేడుకలు చేశాయి. 1914 లో యుద్ధం వచ్చినప్పుడు కొందరు బాహాటంగా అటువైపు మాట్లాడారు. ఆ మాటలు తరువాత మెడకు చుట్టుకొన్నాయి.

1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలో దిగింది. అప్పటికి సిన్సినాటి వాద్యబృందానికీ మే ఫెస్టివల్‌కూ కండక్టరు వియన్నా నుంచి వచ్చిన ఎర్నెస్ట్ కున్వాల్డ్. నవంబరులో పిట్స్‌బర్గ్‌లో ఆయన కచేరీని జరగనివ్వలేదు. డిసెంబరు 7 న ఆస్ట్రియా మీద యుద్ధం ప్రకటించారు, 8 న ఆయనను అరెస్టు చేశారు. బోస్టన్‌లో కార్ల్ ముక్‌ను 1918 మార్చిలో, బాఖ్ రాసిన గొప్ప భక్తిగానం ప్రదర్శనకు సర్వం సిద్ధమైన వేళ పట్టుకొన్నారు. స్వరాల పుస్తకంలో ఆయన పెన్సిలుతో పెట్టుకొన్న గుర్తులు శత్రువుకు పంపే రహస్య సంకేతాలేమోనని అనుమానించారు! ఇద్దరినీ జార్జియాలోని ఓగల్‌థార్ప్ నిర్బంధ శిబిరంలో ఉంచారు. అక్కడ ఖైదీలైన వాద్యకారులే ఒక బృందం కట్టుకొన్నారు. 1918 డిసెంబరులో ముక్ ఆ బృందంతో బీథోవెన్ మూడవ సింఫనీ వాయింపించాడు.

సిన్సినాటిలో వీధుల పేర్లు మార్చారు. బ్రెమెన్ వీధి రిపబ్లిక్ వీధి అయింది. 1840 నుంచి అక్కడి ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషుతో పాటు జర్మను నేర్పేవారు, అది ఆగిపోయింది. 1919 లో ఒహైయో రాష్ట్రం చిన్న తరగతులలో జర్మను నేర్పడాన్ని చట్టం చేసి నిషేధించింది. అలాంటి చట్టాలు చెల్లవని సుప్రీంకోర్టు 1923 లో చెప్పింది గాని, అప్పటికే నాలుగైదేళ్ళ పిల్లలు ఆ భాష లేకుండా పై తరగతికి పోయారు. గాన సంఘాలు కొన్ని పేర్లు మార్చుకొన్నాయి, కొన్ని తలుపులు మూసుకొన్నాయి. అరవై ఏళ్ళు పోటీపడిన లీడర్‌క్రాన్జ్, అరియన్ మళ్ళీ ఒకటయ్యాయి. విడిపోయినప్పుడు బలం ఉండి విడిపోయారు, కలిసినప్పుడు బలం లేక కలిశారు.

1918 మే ఫెస్టివల్ మాత్రం ఆగలేదు. కండక్టరు స్థానంలో నిలబడినవాడు బెల్జియం దేశపు ఫిడేలు విద్వాంసుడు యూజీన్ ఇసాయీ. జర్మను సైన్యం ఆక్రమించిన దేశం నుంచి వచ్చినవాడు. ఆ ఉత్సవం నేటికీ జరుగుతున్నది. 1878 లో కట్టిన ఆ ఎర్ర ఇటుకల మందిరాన్ని బాగుచేసి 2017 లో తిరిగి తెరిచారు; ఆ పనులలోనూ నేల కింద నుంచి మళ్ళీ ఎముకలు బయటపడ్డాయి. వాటి మీదుగానే ఇప్పటికీ మే నెలలో వందమందికి పైగా నిలబడి పాడుతున్నారు. వాద్యకారులకు జీతం ఉంది. పాడేవారు మాత్రం ఉపాధ్యాయులు, నర్సులు, ఉద్యోగులు, రిటైరైనవారు. సాయంత్రం పని ముగించుకొని సాధనకు వస్తారు, జీతం లేదు.